పిన్ తెలియని పాత ల్యాప్‌టాప్: డబ్బు ఇచ్చే ముందు అది ఏ తాళమో చూడు

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివినాను. పుత్తూరు నుంచి మీ నాయన తిరుపతికి వచ్చి, నీ డిగ్రీ చదువు కోసం 14,500 రూపాయలు పెట్టి ఒక పాత డెల్ ల్యాప్‌టాప్ కొన్నాడు. ఇంటికి తీసుకొచ్చి ఆన్ చేస్తే ఎవరిదో పేరు, ఎవరిదో ఫోటో, కింద పిన్ కొట్టమని గడి. అమ్మినతనికి ఫోన్ చేస్తే "నేనూ ఇంకొకరి దగ్గర తీసుకున్నదే, ఆయప్పకే పాస్‌వర్డ్ గుర్తు లేదంట" అన్నాడు. ఒక షాపులో 3,000 ఇస్తే బ్రేక్ చేసిస్తామన్నారు. ఇవ్వాలా వద్దా అని అడిగినావు. నా కూతురు నీ ఈడుదే, అందుకే నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

ఆ 3,000 ఇవ్వొద్దు. నువ్వు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఇది ఇంట్లో కూర్చొని, ఒక పెన్‌డ్రైవ్‌తో, ఒక పూటలో అయ్యే పని. అయితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ఈ ల్యాప్‌టాప్ నిజంగా అమ్మినతని సొత్తేనా? ఈ ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పి బిగిస్తున్నాను. పాస్‌వర్డ్ తీసిపెట్టమని వచ్చిన ప్రతివాళ్లనూ నేను మొదట అడిగేది బిల్లే. తాళం ఎట్ట తీయాలనేది ఆ తర్వాతి మాట.

పాస్‌వర్డ్ మర్చిపోయినాము అని అందరూ ఒకే మాట అంటారు గానీ, ల్యాప్‌టాప్‌కు తాళాలు నాలుగు చోట్ల ఉంటాయి. పవర్ బటన్ నొక్కగానే, విండోస్ గుర్తు రాకముందే, నల్లటి తెర మీద పాస్‌వర్డ్ అడిగితే అది బయోస్ తాళం (బయోస్ అంటే విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం). నీలం తెర మీద బిట్‌లాకర్ అని రాసి 48 అంకెల రికవరీ కీ అడిగితే అది డిస్క్ తాళం. బొమ్మ, పేరు, పిన్ గడి అన్నీ అందంగా వస్తే అది విండోస్ తాళం. విండోస్ అంతా కొత్తగా ఎక్కించినాక కూడా ఏదో కంపెనీ పేరు చూపించి ఆఫీసు మెయిల్ అడిగితే అది కంపెనీ తాళం. నీది మూడోది. నాలుగింటిలో సులువైనది అదే. మొదటిదో చివరిదో అయ్యుంటే ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేయమనే చెప్పేవాణ్ని.

మొదట ఇది చెయ్యి. ఆ పిన్ తెర మీద కుడివైపు కింద వైఫై గుర్తు ఉంటుంది. లాగిన్ కాకుండానే అక్కడి నుంచి మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపొచ్చు. తర్వాత పిన్ గడి కింద ఉన్న 'ఐ ఫర్గాట్ మై పిన్' నొక్కు. ఒక మెయిల్ అడ్రస్ చూపించి మైక్రోసాఫ్ట్ పాస్‌వర్డ్ అడిగితే అది ఆన్‌లైన్ అకౌంట్. అలా కాకుండా ఆ మిషన్ పాస్‌వర్డే అడిగితే అది లోకల్ అకౌంట్. లోకల్ అకౌంట్‌కు పాస్‌వర్డ్ తప్పు కొడితే కింద 'రీసెట్ పాస్‌వర్డ్' అని వస్తుంది. పాత ఓనర్ పెట్టుకున్న మూడు ప్రశ్నలు అక్కడ అడుగుతుంది, చిన్నప్పటి ముద్దుపేరు, మొదటి పెంపుడు జంతువు పేరు, అట్టాంటివి. ఆ జవాబులు ఆయనకే తెలుస్తాయి. ఊరికే పిన్‌లు కొట్టి చూడొద్దు. కొన్నిసార్లు తప్పు కొట్టేసరికి 'ఏ1బి2సి3' టైప్ చేయమంటుంది, ఆ తర్వాత కూడా తప్పు కొడితే రీస్టార్ట్ చేయమంటుంది. చెడిపోయిందేమోనని భయపడి మన దగ్గరికి పరిగెత్తుకొచ్చినవాళ్లు ఉన్నారు. చెడిపోలేదు, గుడ్డిగా కొట్టేవాళ్లను ఆపడానికి పెట్టిన అడ్డు అది.

ఇప్పుడు అమ్మినతన్ని గట్టిగా అడగాల్సింది ఏందంటే, పాత ఓనర్‌తో ఒక్క పది నిమిషాలు మాట్లాడించమని. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే పాస్‌వర్డ్ గుర్తు లేదన్నది పెద్ద అడ్డం కాదు. ఆయన తన ఫోన్‌లోనే, తన నంబర్‌కు వచ్చే ఓటీపీతో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. తర్వాత ఆయనే వచ్చి ల్యాప్‌టాప్‌లో కొట్టి, సెట్టింగ్స్‌లో రికవరీలోకి పోయి మొత్తం చెరిపేసి, తన అకౌంట్‌లో డివైజెస్ లిస్టులోంచి ఈ ల్యాప్‌టాప్‌ను తీసేసి, నీ చేతికి ఇస్తే అంతకంటే శుభ్రమైన దారి లేదు. ఒక్క జాగ్రత్త. ఆయన పాస్‌వర్డ్‌ను గానీ ఓటీపీని గానీ ఫోన్‌లో మీరు అడగొద్దు, ఆయన చెప్పినా రాసుకోవద్దు. ఆ అకౌంట్‌లో ఆయన ఫోటోలు, మెయిళ్లు, అన్నీ ఉంటాయి. రేపు ఆయనకు ఏదైనా నష్టం జరిగితే మాట మీ మీదికి వస్తుంది.

ఓనర్ దొరికితే పని ఎంత తేలికవుతుందో చెబుతాను. చంద్రగిరి నుంచి ఒక రిటైరైన లెక్కల మాస్టారు కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకొని నా దగ్గరికి వచ్చినారు. కొడుకు బయటి దేశంలో ఉన్నాడు, ల్యాప్‌టాప్‌లో పెండ్లి ఫోటోలు ఉన్నాయి. నేనే ముందు బయోస్ అప్‌డేట్ చేసినాను, అది చేయగానే నీలం తెర వచ్చి బిట్‌లాకర్ కీ అడిగింది. వీడియో కాల్‌లో కొడుకు తన మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, తెర మీద కనిపించే కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు సరిపోయిన వరుస చూసి, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చదివినాడు. మాస్టారు క్యాలెండర్ వెనక రాసుకున్నారు. కొడితే తప్పన్నది. మళ్లీ కొడితే మళ్లీ తప్పే. ఆ కీలో ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యే అయ్యుంటుందని చెప్పినాను. అంతే, ఆయన జేబులోంచి పెన్ను తీసి ఒక్కొక్క గుంపునూ భాగించుకుంటూ పోయినారు. ఐదో గుంపు దగ్గర ఆగినారు. కొడుకు 413028 అని చదివితే ఈయన 413082 అని రాసుకున్నారు. మొదటిదాన్ని 11తో భాగిస్తే సరిగ్గా 37,548 వస్తుంది, రెండోదానికి శేషం మిగులుతుంది. సరిచేసి కొడితే విండోస్ తెరుచుకుంది. నలభై ఏళ్లు పిల్లలకు భాగహారాలు నేర్పిన మనిషి ఆ పూట ఎంత సంతోషపడినారో నాకు ఇంకా కళ్లముందుంది.

మీకు ఓనర్ దొరకడని అమ్మినతను తేల్చి చెబితే, అప్పుడు కాగితాలు చూడాలి. ల్యాప్‌టాప్ తిరగేస్తే అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది, డెల్‌లో దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలు. పవర్ నొక్కగానే ఎఫ్2 కొడుతూ ఉంటే బయోస్ తెర వస్తుంది, అక్కడ కూడా అదే ట్యాగ్ కనిపించాలి. రెండూ ఒకటే అయితే మంచిది. వేరువేరుగా ఉంటే లోపలి మెయిన్ బోర్డో అడుగు మూతో మార్చినారని అర్థం, అది రిపేరులో మార్చిందై ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. స్టిక్కర్‌ను గీకేసి ఉంటే మాత్రం నేను ఆ ల్యాప్‌టాప్‌ను ముట్టుకోను. సెల్‌ఫోన్‌కు ఐఎంఈఐ నంబర్ పెట్టి బ్లాక్ చేయించినట్టు ల్యాప్‌టాప్‌కు చేయించే ఏర్పాటు లేదు, అందుకే దొంగ సరుకు ఈ వైపు ఎక్కువగా నడుస్తుంది. దొంగిలించిందని తెలిసో, అనుమానించడానికి కారణం ఉండో దురుద్దేశంతో కొన్నా, దగ్గర పెట్టుకున్నా భారతీయ న్యాయ సంహిత 317 కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. మీ నాయన తెలియక కొన్నాడు, అది వేరే మాట. తెలిసినాక ఊరుకుంటేనే చిక్కు.

కాబట్టి అమ్మినతని దగ్గర ఒక కాగితం రాయించుకోండి. తేదీ, మోడల్, సర్వీస్ ట్యాగ్, ఇచ్చిన డబ్బు, ఆయన పేరు, ఫోన్ నంబర్, సంతకం. ఇక్కడికి వచ్చే పాత ల్యాప్‌టాప్‌లు చాలావరకు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్ నుంచి లాట్లలో వస్తాయి, ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి అమ్మేసినవి. అది తప్పేమీ కాదు, అట్టాంటి సరుకుకు బిల్లు ఉంటుంది కూడా. నిజాయితీగా అమ్మేవాడు ఆ కాగితం మీద సంతకానికి వెనకాడడు. వెనకాడితే డబ్బు వెనక్కి అడగండి, వాదించొద్దు.

కాగితం చేతికి వచ్చిందా? ఇప్పుడు పని మొదలుపెడదాం. పాత పిన్ కనుక్కోవడం మన పని కాదు. ఆయన ఫైళ్లు మనకు అక్కర్లేదు, చూడకూడదు కూడా. డిస్క్ మొత్తం చెరిపి, నీ పేరు మీద కొత్తగా మొదలుపెట్టడమే.

పిన్ తెర మీదనే కుడివైపు కింద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ కీ వదలకుండా పట్టుకొని రీస్టార్ట్ నొక్కు. నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, తర్వాత రీసెట్ దిస్ పీసీ, తర్వాత రిమూవ్ ఎవ్రీథింగ్. 'కీప్ మై ఫైల్స్' తీసుకోవద్దు, పాత మనిషి సామాను అట్టే ఉండిపోతుంది. ఛార్జర్ పెట్టి ఉంచు. కొన్నిటిలో గంటలోపే అయిపోతుంది, పాత హార్డ్‌డిస్క్ ఉంటే సాయంత్రం దాకా పడుతుంది. 35 శాతం దగ్గరో 64 శాతం దగ్గరో ఆగినట్టు కనిపిస్తుంది, ఆత్రపడి ఆపేయొద్దు.

మధ్యలో బిట్‌లాకర్ కీ అడిగిందనుకో, లేదా రీసెట్ ఎర్రర్ చూపించిందనుకో, రెండో దారి పెన్‌డ్రైవ్. 8 జీబీ చాలు, అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ఖాళీది తీసుకో. ఇంకో కంప్యూటర్‌లో, మీ కాలేజీ ల్యాబ్‌లో సార్‌ను అడిగితే ఒప్పుకుంటారు, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి నడిపితే అదే పెన్‌డ్రైవ్‌ను తయారుచేస్తుంది. నీ డెల్‌కు ఆ పెన్‌డ్రైవ్ పెట్టి, పవర్ నొక్కిన వెంటనే ఎఫ్12 కొడుతూ ఉండు. హెచ్‌పీ అయితే ఎఫ్9, లెనోవోకూ ఎఫ్12. వచ్చిన మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకో. ప్రొడక్ట్ కీ అడిగితే 'ఐ డోంట్ హ్యావ్ ఎ ప్రొడక్ట్ కీ' నొక్కి ముందుకు పో. డిస్క్ ముక్కల (పార్టిషన్ల) లిస్టు వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌ది తప్ప అన్నిటినీ ఒక్కొక్కటిగా డిలీట్ చేసి, మిగిలిన ఖాళీ జాగాను ఎంచుకొని నెక్స్ట్ కొట్టు. తాళం వేసిన పార్టిషన్‌ను తెరవడానికే 48 అంకెలు కావాలి, చెరిపేయడానికి అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ కూడా ఆ లిస్టులోనే కనిపిస్తుంది, సైజు చూసి దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇక్కడ చాలామంది ఆగిపోయేది ఇంకొకటుంది. లిస్టు ఖాళీగా కనిపిస్తుంది, డిస్క్ పోయిందనుకుంటారు. ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి వచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ విడిగా ఇవ్వాలి. డెల్ సైట్‌లో నీ సర్వీస్ ట్యాగ్ కొట్టి ఆ డ్రైవర్ దించి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో వేసుకొని 'లోడ్ డ్రైవర్' నొక్కితే డిస్క్ కనిపిస్తుంది. పోయిన నెల ఇదే సంగతికి కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించుకోమని ఎవరో చెబితే, ఒక అబ్బాయి 2,400 పట్టుకొని నా దగ్గరికి వచ్చినాడు. డ్రైవర్ వేసి పంపించినాను.

విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌కు లైసెన్స్ బోర్డులోనే ఉంటుంది. నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. లైసెన్స్ లేకున్నా ఉన్నట్టు విండోస్‌ను నమ్మించే దొంగ యాక్టివేటర్ అవసరమే లేదు. 3,000కు బ్రేక్ చేస్తామన్నవాళ్ల మీద నా కోపం ఇక్కడే. నా బల్ల మీదికి వచ్చిన అట్టాంటి ల్యాప్‌టాప్ ఒకటి తెరిచి చూస్తే, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను పూర్తిగా ఆపేసి ఉంది, సి డ్రైవ్ మొత్తానికి స్కాన్ మినహాయింపు ఇచ్చి ఉంది. దొంగ యాక్టివేటర్ ఎక్కాలంటే అట్ట చేయాలి మరి. ఆ పిల్ల అందులోనే నెట్ బ్యాంకింగ్‌తో పరీక్ష ఫీజు కట్టింది. అసలు లైసెన్స్ బోర్డులో ఉండగా, డబ్బు తీసుకొని ఇల్లు తలుపులు తెరిచి పెట్టిపోయినారు. బయటి టూల్‌తో పాస్‌వర్డ్ మారిస్తే ఇంకో నష్టం కూడా ఉంది. విండోస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి పెట్టుకున్న ఫైళ్లు ఉంటే అవి మళ్లీ తెరుచుకోవు. సొంత ల్యాప్‌టాప్‌కే పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

బయోస్ తాళం గురించి కూడా రెండు మాటలు. లోపల రూపాయి బిళ్లంత సెల్ తీసి పది నిమిషాలాగి పెడితే పోతుందని వీడియోల్లో చెబుతారు. పాత డెస్క్‌టాప్‌లకు అది నిజం. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పాస్‌వర్డ్ వేరే చిప్‌లో ఉంటుంది, సెల్ తీసినా పోదు. కొర్లగుంట నుంచి ఒక పిల్లోడు అట్టే విప్పి తెచ్చినాడు. సెల్‌కు ఎరుపు, నలుపు రెండు సన్న తీగలుంటాయి. తెల్ల కనెక్టర్‌ను గోటితో లేపాల్సింది పోయి తీగ పట్టుకొని లాగినాడు, సాకెట్ బోర్డు నుంచి ఊడొచ్చింది. తాళం మాత్రం అట్టే ఉంది. లెనోవో థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (బయోస్‌కు పెట్టేది) మర్చిపోతే బోర్డు మార్చాల్సిందేనని లెనోవో కంపెనీయే చెబుతుంది. మిగతా కంపెనీల దగ్గర కూడా కొన్న బిల్లు, ఓనర్ పేరు చూపించిన తర్వాతే ఏ సాయమైనా.

రీసెట్ అయినాక, దేశం, కీబోర్డు ఎంచుకొని నెట్ కలపగానే ఏదైనా కంపెనీ పేరుతో ఆఫీసు మెయిల్ కొట్టమంటే అక్కడే ఆపు. ఆ ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ వివరాలు ఆ కంపెనీ తన లిస్టులో రాసిపెట్టుకుంది, విండోస్ ఎన్నిసార్లు ఎక్కించినా మళ్లీ అదే వస్తుంది. ఆ కంపెనీ ఐటీ వాళ్లు తీస్తేనే పోతుంది. నెట్ కలపకుండా దాటించే చిట్కాలు చెప్పేవాళ్లుంటారు, చేయొద్దు. ఆ తెర ఫోటో తీసి అమ్మినతనికి చూపించి డబ్బు వెనక్కి తీసుకోండి. మీ స్నేహితులెవరైనా పాత మ్యాక్‌బుక్ కొంటుంటే, యాక్టివేషన్ లాక్ కూడా ఇట్టాంటిదే. పాత ఓనర్ తన ఆపిల్ అకౌంట్ నుంచి తీసేయాలి, ఆయన ఏ ఊళ్లో ఉన్నా ఐక్లౌడ్‌లో తీయొచ్చు.

గూగుల్‌లో మైక్రోసాఫ్ట్ టోల్‌ఫ్రీ అని వెతికి దొరికిన నంబర్లకు ఫోన్ చేయొద్దమ్మా. దూరం నుంచి మన తెరను వాళ్ల చేతికిచ్చే ఎనీడెస్క్ యాప్ వేయమంటారు, పది రూపాయలు కట్టమంటారు, ఆ తర్వాత ఖాతా ఊడుస్తారు. ఇప్పటికే ఎవరైనా అట్ట మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఒక సంగతి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపు 8వ జనరేషన్ నుంచి ప్రాసెసర్ కావాలి. బయోస్ తెర మీద ప్రాసెసర్ పేరు చూడు. ఐ5 తర్వాత నంబర్ 8, 9తో గానీ, 10, 11, 12 లాంటి వాటితో గానీ మొదలైతే సరే. 6, 7 అయితే 14,500 ఎక్కువే ఇచ్చినట్టు, ఆ మాట అమ్మినతని దగ్గర ఎత్తొచ్చు. అట్టాంటి దాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకుంటే నీ చదువుకు ఢోకా ఉండదు, తెలుగు టైపింగ్ కూడా వస్తుంది.

అన్నీ అయినాక నీ పేరు మీద మైక్రోసాఫ్ట్ అకౌంట్ పెట్టి, రికవరీ నంబర్‌గా నీదీ మీ నాయనదీ రెండూ ఇవ్వు. కొత్త విండోస్ 11 ఎక్కించినప్పుడు డిస్క్ ఎన్‌క్రిప్షన్ (పైన చెప్పిన బిట్‌లాకర్ తాళమే) దానంతటదే ఆన్ అయ్యే వీలుంది. అకౌంట్ పేజీలో డివైజెస్‌లోకి పోయి నీ 48 అంకెల కీ చూసి, కాగితం మీద రాసి, నీ టెన్త్ మార్కుల లిస్టు పెట్టిన ఫైల్లోనే పెట్టు. రాసినాక ఒక్కో గుంపును 11తో భాగించి సరిచూసుకో.

ముందు సర్వీస్ ట్యాగ్ రెండుచోట్లా ఒకటేనా చూసి, ఆ కాగితం రాయించుకోండి. పని మొదలుపెట్టినాక ఎక్కడైనా ఆగిపోతే తెర ఫోటో తీసి ఇక్కడే పెట్టు, ట్యాగ్ నంబర్, ఆ పాత ఓనర్ పేరు కనిపించకుండా. రాత్రి షాపు కట్టేసినాక చూసి రాస్తాను.